మొదటి పరీక్షకు చదివించాను

పెందుర్తిలో మా తాతగారి పొలాలుండేవి. వాటిలో ఒక ముక్క మీద ఇప్పుడు ప్రైవేటు బడి ఉంది. అందులో నేను లెక్కల మాస్టారిని. పొలాలు పోయినా మా ఇంటి పద్ధతి ఒకటి మిగిలింది. సిద్ధం కానిదాన్ని నలుగురి ముందుకు తేము.

ఆ ఏడాది యాజమాన్యం పిల్లల ఎదుగుదల కొలుస్తామంది. జూన్‌లో ఒక పరీక్ష, ఏప్రిల్‌లో ఒకటి. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లలో ఒకటి నాది, రెండోది నేను బావా అని పిలిచే మిత్రుడిది. ఎవరి పిల్లలు ఎక్కువ ఎదిగితే వారికే పదో తరగతి. ఎన్నో ఏళ్లుగా అది నాది.

ఆ కొలత గురించిన శిక్షణకు బావను పంపారు. తిరిగొచ్చాక అతను చెప్పలేదు, నేను అడగలేదు; చివరికి ఎవరి మార్కులు ఎక్కువో చూస్తారనుకున్నాను. జూన్ పరీక్షలో నా పిల్లలు తలదించుకోకూడదని వారం రోజులు సాయంత్రాలు కూర్చోబెట్టి నూరిపోశాను. బావ రోజూ నాకు టీ పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"నీ గుంటలు సితక్కొట్టేత్తారు బావా!" అని నా పిల్లల్ని మెచ్చుకునేవాడు.

అతని పిల్లలు మాత్రం ఆటల పీరియడ్ నుంచి చెమటలతో వచ్చి నేరుగా పరీక్షకు కూర్చున్నారు. నాకు జాలేసింది కూడా.

ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ పిలిచి చెప్పింది. చూసేది చివరి మార్కులు కాదట. జూన్‌లో అదే స్థాయిలో ఉన్న పిల్లలు మామూలుగా ఎక్కడికి చేరతారో లెక్కగడతారు, నా పిల్లలు అంతకు మించి ఎంత వెళ్లారో అదే నా పనితనమట. నేను నూరిపోసి జూన్‌లోనే పైకెక్కించిన పిల్లలకు ఎక్కడానికి చోటేది? పరవాడ మందుల కంపెనీలో పనిచేసే ఒకాయన కూతురు భిన్నాలంటే వణికేది. ఏప్రిల్‌కి బీజగణితం తనంతట తాను చేస్తోంది. కానీ జూన్‌లో నేను నూరిపోసి తెప్పించిన మార్కుల వల్ల, కాగితం మీద ఆమె వెనక్కి వెళ్లింది.

స్టాఫ్‌రూంలో బావను నిలదీశాను. "నీకు తెలుసు కదా?"

"తెల్సు."

"టీ తెచ్చిస్తూ చూస్తూ నిలబడ్డావు."

"అడిగితే సెప్పీవోణ్ణి కాదేటి? నువ్వెప్పుడైనా ఒకల్ని ఏటైనా అడిగినావా బావా?"

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నా టీలో చక్కెర ఎంతో తెలిసిన మనిషి, నేను నోరు తెరిచి అడగనని కూడా తెలిసే ఊరుకున్నాడు.

పదో తరగతి అతనికిచ్చారు. నాకు ఆరో తరగతి. జూన్‌లో మళ్లీ మొదటి పరీక్ష వచ్చింది. సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి భిన్నాలు చెబుతుంటే గుమ్మంలో బావ, చేతిలో టీ.

"ఈపాలి అడక్కుండానే సెప్తన్నాను. ఒగ్గీ బావా, ఆళ్లకొచ్చిందే రాయనీ."

"పాఠం జరుగుతోంది" అన్నాను.

టీ అందుకోలేదు. అతను వెళ్లాక తలుపు వేసి, బోర్డు మీద తర్వాతి లెక్క రాశాను.