వస్తా, ఉంటా

మల్కాజ్‌గిరిలో పుట్టి పెరిగినవాణ్ని. చలంటే నాకు తెలిసింది జనవరి పొద్దున మంకీ క్యాప్ పెట్టుకోవడం, అంతే. అలాంటివాణ్ని అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రంలో ఏడాదికి పైగా జనరేటర్లు చూసుకున్నాను. చలికాలంలో అక్కడ వారాల తరబడి సూర్యుడు రాడు. మధ్యాహ్నం అన్నం తింటున్నా కిటికీలో నీలిచీకటే. జనరేటర్ గదిలో కూర్చుంటే ఆ రొద మెల్లమెల్లగా మా ఇంటి వెనక లోకల్ రైలయ్యేది. రైలు దాటిపోయాక మా ఆవిడ వేసే పోపు వాసన కూడా వచ్చేది. అది కలో మెలకువో తేల్చుకోబుద్ధయ్యేది కాదు.

ఆదివారాలు ఇంటికి ఫోన్ చేసేవాణ్ని. మూడేళ్ల మా పాపకు నా గొంతు ఓ క్షణం ఆలస్యంగా చేరేది. ముద్దులన్నీ అయ్యాక "సరే బిడ్డా, వస్తా" అని పెట్టేసేవాణ్ని. మనం సెలవు తీసుకునే మాటే అది. వెళ్లేవాడు వస్తా అంటాడు. పోతా అంటే పెద్దలు కసురుకుంటారు.

ఓ వారం మా ఆవిడ విసుక్కుంది. "నువ్వు వస్తా అంటవు, ఇది ఉరుక్కుంట పోయి ఎర్ర చెప్పులేసుకొని గేటు కాడ కూసుంటది. అన్నానికి పిలిస్తే సుత రాదు. జెర ఆ మాట బంద్ చెయ్యి."

నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మరుసటి వారం మహా తెలివిగా, ఫోన్లో అందరూ అనే మాటే అన్నాను.

"సరే బిడ్డా, ఉంటా."

అటు చప్పుడు లేదు. లైన్ ఆలస్యమనుకున్నాను. తర్వాత ఏడుపు.

"ఆడ్నే ఉంటవా డాడీ?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంత పెద్ద తెలుగులో నాకు ఇంకో మాట దొరకలేదు. ఆ పై వారాల్లో సెలవు మాటేదీ అనకుండా, తనే విసుగొచ్చి ఫోన్ వాళ్లమ్మకు ఇచ్చేదాకా వింటూ ఉండేవాణ్ని. నన్ను నమ్మడం మానేస్తుందేమోనని భయమేసేది. బయట మంచులో నడుస్తుంటే గేటు దగ్గర కూర్చున్న ఆ చిన్న వీపే కనిపించేది. ఎంత నడిచినా దగ్గరయ్యేది కాదు.

అక్కడి పని ముగిశాక, ఓ మధ్యాహ్నం ఇల్లు చేరాను. ఎండ కళ్లలో పొడిచింది. పాప నిజంగానే గేటు దగ్గర ఉంది. కాళ్లకు అవే ఎర్ర చెప్పులు. మడమలు వెనక్కి దాటి నేలకు ఆనుతున్నాయి. కొత్తవి కొంటే వేసుకోలేదట. దగ్గరకు రాలేదు. నా బూట్ల వైపు చూసి, మొహం వైపు చూసి అడిగింది.

"మళ్ల వస్తా అంటవా?"

"అనను బిడ్డా. ఉంటా."

కాసేపు అలాగే చూసింది, నా మాట ఇంకా ఆలస్యంగానే చేరుతున్నట్టు. తర్వాత మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పింది.