గజ్జెలు కనబడే దాకా

మిర్యాలగూడలో మేమున్న కిరాయి ఇంట్లో టీవీ కింద ఒక పాత కంప్యూటర్ ఉండేది. నేను గుమాస్తాగా పనిచేసే రైస్‌మిల్లులో కొత్తవి కొన్నప్పుడు మూలన పడేసినదాన్ని అడిగి తెచ్చుకున్నాను. దానిలో ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, టీవీకి కలిపి, పాటలకూ సినిమాలకూ వాడుకునేవాళ్లం. ఈ పని నాకెవరూ నేర్పలేదు. సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని, ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క పెట్టుకుని చదివాను. ఒక్క పేజీకే సాయంత్రమంతా పట్టిన రోజులున్నాయి. ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆ సంగతి చెప్పేవాణ్ని. ఇప్పటికీ చెబుతాను.

2011 ఎండాకాలం. ఒక ఆదివారం పొద్దున, చివ్వెంల దగ్గరి మా ఊరి నుంచి నాయిన వచ్చాడు. మందను పక్కింటివాళ్లకు అప్పజెప్పి రావడం ఆయనకు అలవాటు లేదు. చెప్పులు విడిచీ విడవకముందే రుమాలు మడతలోంచి ఒక సీడీ తీశాడు.

నాయిన ఒగ్గు కథ చెప్పేవాడు. గొర్రెలు కాసుకునే మా వాళ్లలో అది తాతల నాటి నుంచి వస్తున్న విద్య. ముందు నిలబడి, గజ్జెలు కట్టి, పాడుతూ ఆడుతూ కథ నడిపేది ఆయన. వెనక డోలు కొట్టేది మా చిన్నాయన. సూర్యాపేటలో ఒకరింటి దగ్గర కథ చెప్పినప్పుడు ఆ ఇంటివాళ్లు వీడియో తీయించి, ఒక సీడీ నాయిన చేతిలో పెట్టారు. అప్పటిదాకా ఆయన తన కథను తాను చూసుకుని ఎరుగడు. అయితే ఆ రోజు వచ్చింది ఆ ముచ్చట తీర్చుకోవడానికి కాదు.

“మీ చిన్నాయన గిట్లంటున్నడురా,” అన్నాడు. “నా గొంతు వణుకుతున్నదట. కాలు తాళం తప్పుతున్నదట. ఇగ ముందర నిలవడుడు బంద్ జెయ్యి అన్నా, అన్నడు. నిజమో అబద్ధమో నా కండ్లతోని సూసుకుంట. నిజమే అయితే ఇగ మీదట వాన్నే ముందర నిలవెడత.”

నవ్వుతూనే అన్నాడు గానీ, మా ఆవిడ తెచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

సీడీ పెట్టాను. పందిరి, చుట్టూ జనం, మధ్యలో నాయిన. కానీ పిక్కల కింద ఏమీ లేదు. టీవీ అంచు ఆయన పాదాలను మింగేసింది. డోలు మాత్రం దద్దరిల్లుతోంది. నాయిన నోరు కదులుతోంది, మాట లేదు. సౌండ్ పెంచాను. డోలే ఇంకా గట్టిగా మోగింది.

“ఈ డబ్బ గూడ మీ చిన్నాయన దిక్కే ఉన్నట్టున్నది!” అన్నాడు నాయిన.

మా ఆవిడది కోదాడ. వంటింట్లోంచే అంది: “ఏవండీ, పక్కింట్లో ప్లేయర్ ఉంది, అడిగి తెస్తాను. మీరు ఆ పుస్తకాలు గుర్తు చేసుకునేలోపు మామయ్య బస్సు వెళ్లిపోతుంది.”

“ఆగు బిడ్డా. అన్ని దినాలు లైబ్రరీల కూసున్నడు గద, జర సూద్దాం,” అన్నాడు నాయిన.

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. ముందు బొమ్మ సంగతి చూశాను. తెర కొలత మార్చగానే టీవీ నల్లబడి, సిగ్నల్ లేదని చూపించింది.

“అసలుకే మోసం తెచ్చినవ్ గదరా!”

కాసేపటికి పాత కొలత దానంతటదే తిరిగొచ్చింది. అప్పుడు చదివింది గుర్తొచ్చింది. పాత టీవీలు బొమ్మను చట్రం కన్నా కొంచెం పెద్దదిగా చూపేవి. అంచులు చట్రం వెనక దాక్కునేవి. కొత్త టీవీలకూ ఆ అలవాటు పోలేదు. సినిమాల్లో అంచులు పోతే మాకు పట్టలేదు గానీ, ఇక్కడ పోయింది నాయిన పాదాలు. డిస్‌ప్లే సెట్టింగుల్లో బొమ్మను కుదించే గీత ఒకటి ఉంది. దాన్ని మెల్లగా జరిపాను. నాయిన టీవీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఇంకొంచెం... పిక్కల కిందికొచ్చింది... ఇంకొంచెం... ఆ, గజ్జెలు! ఆగు, ఆగు!”

ఇక గొంతు మిగిలింది. సౌండ్ సెట్టింగులు తెరిస్తే ఎడమ పట్టీ సున్నా దగ్గరుంది. ఎడమ స్పీకర్ చినిగి గుర్రుమంటోందని కొన్ని నెలల కింద దాన్ని మూసింది నేనే. సినిమా పాటల్లో గొంతు రెండు వైపులా ఉంటుంది కనుక లోటు తెలియలేదు. ఈ వీడియో తీసినవాళ్లు నాయిన ముందరి మైకును ఎడమకు, డోలు ముందరి మైకును కుడికి కలిపినట్టున్నారు.

“సాగర్ ఎడమ కాల్వ, కుడి కాల్వ లెక్క నాయినా,” అన్నాను. “నీ గొంతు ఎడమ దాంట్ల వస్తున్నది. దాని తూము మూసి ఉన్నది.”

“మరి తెరువు!”

“తెరిస్తే ఆ చినిగిన స్పీకర్ గుర్రుమంటది. రెండిటినీ కలిపి కుడి దాంట్లకే పంపుత.”

అదీ పుస్తకంలో చదివిందే. రెండింటినీ కలిపే గడిలో టిక్కు పెట్టగానే నాయిన గొంతు గదిలోకి వచ్చింది. మా ఆవిడ గరిటె చేతిలో పట్టుకునే గడప దగ్గరికొచ్చి నిలబడింది.

నాయిన కొంతసేపు విని తల అడ్డంగా ఊపాడు. “డోలు సప్పుడుల తెలుస్తలేదు. డోలొక్కటి బంద్ జేస్తవా?”

చేశాను. ఈసారి కుడివైపు మైకును ఆపి, ఎడమదాన్ని ఒక్కదాన్నే స్పీకర్‌కు పంపాను. డోలు ఎక్కడో దూరంగా మిగిలింది. వట్టి గొంతు. నాయిన కళ్లు మూసుకున్నాడు. సాగదీసి పాడే చోట సౌండ్ ఇంకాస్త పెంచాను. గొంతు ఎక్కడా వణకలేదు. కళ్లు తెరిచి, మళ్లీ డోలు పెట్టించి, ఈసారి గజ్జెలనే చూస్తూ కూర్చున్నాడు. తిరిగి ఆడేచోట కాలు డోలు కన్నా వెనకబడింది. నాకు కూడా కనిపించింది.

“సగం నిజం, సగం అబద్ధం,” అన్నాడు చివరికి. “కాలు సంగతి వాడు సరిగ్గనే చెప్పిండు. గొంతు జోలికి మాత్రం రావద్దుండె. కథ నేనే చెప్త. ఆట వాన్ని ఆడమంట. డోలు ఎవలికిస్తడో వాడే సూసుకుంటడు.” చల్లారిన చాయ్ అందుకున్నాడు. మా ఆవిడ వేడి చేసిస్తానన్నా వినకుండా ఒక్క గుక్కలో తాగేశాడు.

సాయంత్రం సూర్యాపేట బస్సెక్కించాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాడు:

“అరే, ఆ డోలు లేని పాట ఒక సీడీ జేసియ్యిరా. మీ చిన్నాయనకు ఇనిపియ్యాలె!”