ఆగిన బండిలో లైట్లు

మా అక్కకు రైళ్ల పిచ్చి. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో అకౌంట్లు చూసేది. గుణదలలో మా ఇంటి పైవాటాలో తనొక్కతే ఉండేది. కింద వాటాలో నేనూ మా ఆయనా. పైన హాల్లో సగం ఆక్రమించిన బల్ల, దాని మీద చుట్టూ తిరిగే పట్టాలు, ఒక ప్లాట్‌ఫారం, ఇంజనూ నాలుగు పెట్టెలూ. చుట్టాలు వచ్చి "ఎవరమ్మా ఈ బొమ్మలతో ఆడుకునే పిల్లలు?" అని అడిగితే, "నేనేనండీ" అనేది దర్జాగా.

ఇంజనుకైనా, పెట్టెల్లోని బుల్లి బల్బులకైనా కరెంటు ఆ పట్టాల నుంచే రావాలి. రెగ్యులేటర్ తిప్పితే బండి జోరందుకునేది, కిటికీలు వెలిగిపోయేవి. తగ్గిస్తే బండితోపాటు వెలుగూ తగ్గేది. ప్లాట్‌ఫారం దగ్గర ఆపితే అంతా చీకటి.

"స్టేషన్లో ఆగినప్పుడే కదే లోపలి మనుషులు సరిగ్గా కనపడేది! మన బండికి అప్పుడే కరెంటు పోద్ది" అని నవ్వేది. ఆ కిటికీల వెనక గోరంత మనుషుల్ని రంగులేసి కూర్చోబెట్టింది తనే.

తర్వాత కళ్ల జబ్బు వచ్చింది. డాక్టర్లు గ్లకోమా అన్నారు. మా అమ్మమ్మ వాళ్లు నీటికాసులు అనేవాళ్లు. నొప్పి లేదు, ఎరుపు లేదు. పక్క నుంచి వచ్చే స్కూటర్లు కనపడక ఒకటి రెండు సార్లు పడబోయింది. గవర్నర్‌పేటలో చూపిస్తే కంటి నరం అప్పటికే చాలావరకు దెబ్బతిందన్నారు.

"పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకుందాం" అన్నారు డాక్టరుగారు.

చుక్కలు వేశాం. ఆపరేషన్ చేయించాం. చూపు అంచుల నుంచి మూసుకొస్తూనే ఉంది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త చోటే మిగిలింది. ఉద్యోగం మానేసింది. సాయంత్రాలు కిటికీ తలుపులు వేసి, గది చీకటి చేసి, నన్ను బండి నడపమనేది. బండి ఆ కాస్త చోటులో ఒక్కసారి మెరిసి జారిపోయేది. తను తల తిప్పి వెతికేలోగా మలుపు దాటేసేది. పోనీ ఎదురుగా ఆపితే లైట్లు ఆరిపోయేవి.

"నడిస్తే చిక్కదు, ఆగితే కనపడదు. ఏం చేద్దామే?" అంది.

లైట్ల కోసం ఇంకో అడాప్టర్ తెచ్చి అవే పట్టాలకు తగిలిద్దామని తనే అంది. నేను తగిలించాను. రెగ్యులేటర్ కట్టేసే ఉంది, అయినా ఇంజను ఒక్క దూకు దూకింది. మలుపులో బోర్లాపడింది. దాని ఇనుప చక్రాలు రెండు పట్టాలనూ కలిపేశాయి. నేను ప్లగ్ పీకేలోపే అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఇంజను వెనకున్న పెట్టె ప్లాస్టిక్ అడుగు మెత్తబడి వంగిపోయింది.

అక్క ఆ వంకరంతా వేళ్లతో తడిమి చూసింది.

"లైట్లకని ఇస్తే ఇంజను తీసుకోకుండా ఉంటుందా? పట్టాలకేం తెలుసు ఎవరి కరెంటు ఎవరిదో! ఒకే దారిలోకి రెండు చోట్ల నుంచి ఇవ్వకూడదే. ఇల్లు తగలబడేది."

ఆ తర్వాత రోజూ ఫోన్లో దొరికినవన్నీ నా చేత చదివించుకుంది. పాత రెగ్యులేటర్ పూర్తిగా తీసేసి, పట్టాల్లో ఎప్పుడూ ఒకేలా కరెంటు ఉంచే కొత్త కంట్రోల్ బాక్సు కొన్నాం. ఇంజను లోపల ఒక చిప్ పెడితే, చెప్పినప్పుడే కదులుతుంది, చెప్తే ఆగుతుంది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. వేడెక్కే బల్బులు తీసేసి పెట్టెకో ఎల్ఈడీ పట్టీ వేశాం. చెప్పడం తనది, టంకం పెట్టడం నాది. మొదటి చిప్ నా చేతిలోనే మాడింది. "పోనీలేవే" అంది గానీ, రెండోది వచ్చేదాకా ఎంత తహతహలాడిందో నాకు తెలుసు. ఆలోగా ఎంత చూపు పోతుందో అని ఇద్దరికీ భయమే. పైకి అనలేదు.

అంతా అయ్యాక బండి ఎక్కించకుండానే ముందు స్టీలు స్పూను తెమ్మంది. పట్టాలకు అడ్డంగా పెట్టగానే, మునుపటిలా వేడెక్కకుండా కొత్త బాక్సు దానంతటదే కరెంటు ఆపేసింది. "ఆఁ, ఇప్పుడు పెట్టు బండి" అంది.

బండి వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. కిటికీలు వెలుగుతూనే ఉన్నాయి. అక్క కుర్చీ ముందుకు జరుపుకుని, గడ్డం బల్లకు ఆనించి, తల కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో కిటికీ చూసింది.

"ఎర్రచీర ఆవిడ కనపడుతోందే!" అని అరిచింది.

ఆ చలికాలమంతా చూసింది. ఎండలు ముదిరే వేళకు ఒక సాయంత్రం బండిని ఎప్పటిలాగే ఎదురుగా ఆపాను. అక్క గడ్డం బల్లకు ఆనించి, తల అటూ ఇటూ కదిపింది.

"ఆర్పేశావేంటే? వెయ్యి లైట్లు."

నాలుగు పెట్టెలూ తన ముఖానికి జానెడు దూరంలో వెలుగుతున్నాయి. అక్క చెయ్యి చాచి పెట్టె పైకప్పు మీద వేలు పెట్టింది. పాత బల్బులున్నప్పుడైతే వెచ్చగా తగిలేది. ఇది చల్లగా ఉంది.

"వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయక్కా."

"ప్లగ్ తీసెయ్. ఊరికే కరెంటు ఉంచకూడదు" అంది. ఏడవలేదు. కాసేపటికి, "ఇది ఒకరికొస్తే అక్కచెల్లెళ్లకీ రావచ్చంట కదే. నువ్వు చూపించుకున్నావా?" అని అడిగింది.

లేదన్నాను. మర్నాడే వెళ్లమని పట్టుబట్టింది.

డాక్టరుగారు నా కళ్లలోకి లైట్లు వేసి చూసి, కంటి నరాలు శుభ్రంగా ఉన్నాయమ్మా, ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. ఆటోలో వచ్చేటప్పుడు దారంతా కనిపిస్తూనే ఉంది. షాపుల బోర్డులు, బస్సుల మీద ఊళ్ల పేర్లు, అన్నీ. చూడటమే తప్పుగా అనిపించింది.

అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి లేచింది.

"ఏమన్నారు?"

ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. ఆలస్యమయ్యేసరికి అక్క వేరేలా అనుకుని గబుక్కున ఒక మెట్టు దిగింది.

"చెప్పవే! నీకు కూడానా?"

"లేదక్కా. బాగానే ఉన్నాయంట."

అక్క తడుముకుంటూ నా భుజం పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.