పగడాలకు కావలసిన ఎండ

లెబనాన్‌లో ట్రిపోలీని ఆనుకుని ఉన్న రేవు ఊరు మాది, మీనా. మా మేడ ఆరంతస్తులది. అన్నిటికన్నా పైన బుర్హాన్, ఆయన భార్య హియామ్ ఉండేవాళ్లు, వాళ్ల కింద మేము. బుర్హాన్ అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసేవాడు. చేపల బజారు వెనక సందులో చిన్న దుకాణం. మా వైపు మగవాళ్లను పెద్దకొడుకు పేరుతో ఫలానావాడి తండ్రి అని పిలుస్తారు; ఆయనకు పిల్లలు లేరు కాబట్టి అందరం మేస్త్రీ అనేవాళ్లం.

వయసులో ఉన్నప్పుడు ఆయన జెడ్డాలో కొన్నేళ్లు పనిచేశాడు. సెలవు రోజుల్లో ఎర్రసముద్రంలో తల ముంచి చూసిన పగడాలు ఆయన మనసులోంచి పోలేదు. తిరిగొచ్చాక ముందుగదిలో గోడ పొడవునా గాజు తొట్టి కట్టి, ప్రాణమున్న పగడాలు పెంచడం మొదలుపెట్టాడు. మొదటి ముక్కలు ఇచ్చింది బేరూత్‌లో అలాంటి దుకాణం నడిపే గారో అనే ఆర్మేనియా స్నేహితుడు.

బేరూత్ రేవు పేలిన రోజున గారో దుకాణంలో ఒక్క తొట్టి కూడా మిగల్లేదు. నేల నిండా గాజుముక్కలు, ఉప్పునీళ్లు. వాటి మధ్య ఇంకా ఊపిరున్న పగడాలను ఏరి, బకెట్లలో వేసుకుని మర్నాడు మా ఊరు వచ్చాడు. మెట్లెక్కి వచ్చేసరికి ఆయన చేతుల మీద గాట్లు, కట్లు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"నాకు కొట్టూ లేదు, తొట్టీ లేదు మేస్త్రీ. వీటిని నీ దగ్గర బతకనియ్," అన్నాడు.

"నీవి నీకు తిరిగిచ్చే పూచీ నాది," అన్నాడు బుర్హాన్. ఆ మాట తనను ఎంత దూరం తీసుకుపోతుందో అప్పుడు ఆయనకు తెలియదు.

మరుసటి ఏడాది దేశంలో కరెంటు కరువైంది. సర్కారు కరెంటు ఎప్పుడో వచ్చి కాసేపు కనిపించి పోయేది. వీధి జనరేటరువాడు ఇచ్చేది ఒక ఫ్రిజ్‌కు, రెండు బల్బులకు సరిపోయేది. పగడాల పైన వెలిగే దీపాలు దాన్నంతా మింగేసేవి. అవి వెలిగితే ఫ్రిజ్ ఆగేది.

"నేనా, నీ రాళ్లా? ఏదో ఒకటి తేల్చు," అనేది హియామ్.

"రాళ్లు కావే, ప్రాణులు."

"నేనూ ప్రాణినే. నాకు చల్లటి నీళ్లు కావాలి."

బుర్హాన్ చాలా ఆలోచించాడు. తొట్టికి సరిగ్గా పైన ఉన్నది డాబా. డాబా మీద పొద్దస్తమానం ఎండ. ఒక వేసవి ఆయన కప్పును చదరంగా కోసి, ఆ కన్నం లోపలి గోడలకు అద్దంలా మెరిసే రేకు తొడిగి, పైన రెండు పొరల గాజు బిగించాడు. మేడలో వాళ్లమంతా నవ్వాం గానీ ఎవరం కాదనలేదు. మొదట్లో ఎండ తట్టుకోలేక పగడాలు పాలిపోయాయి. ఆయన గాజు కింద తెల్లటి గుడ్డలు పొరలు పొరలుగా కట్టి, వారానికొకటి చొప్పున తీస్తూ వాటికి ఎండ అలవాటు చేశాడు. దీపాల కింద ఊదాగా, పచ్చగా పెళ్లిపందిరిలా మెరిసినవి ఎండ కింద గోధుమరంగుకు దిగాయి. కానీ కొమ్మలు లావెక్కాయి, కొత్త చివుళ్లు వేశాయి.

"రంగు దిగింది, ఒళ్లు పట్టింది," అని చూడవచ్చినవాళ్లకు చెప్పి మురిసిపోయేవాడు. మధ్యాహ్నం ఆ గదిలోకి వెళితే నీటి వెలుగు గోడల మీద పాకుతూ ఉండేది. బయట అన్ని ఇళ్లూ దిగాలుగా ఉన్న రోజుల్లో అదొక్కటే కళగా ఉన్న గది.

మూడో అంతస్తులో ఇన్‌సాఫ్ ఉండేది. బడిలో భూగోళం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు, మక్కా యాత్ర చేసొచ్చి హాజ్జా అనిపించుకున్న తల్లి నజీబాను చూసుకుంటూ ఉండిపోయింది. ఆ తల్లికి ఊపిరితిత్తులు పాడై, ముక్కుకు గొట్టం పెట్టే ఆక్సిజన్ మిషను మీద బతుకుతోంది. జనరేటరు ఆగినప్పుడల్లా ఇన్‌సాఫ్ ముఖంలో నెత్తురుండేది కాదు. చివరికి చుట్టాలందరూ చేతులు కలిపి సోలార్ పలకలు కొన్నారు. అవి పెట్టడానికి చోటు చూసుకుని ఆమె పైకి వచ్చింది. మెట్ల మీదే మాట్లాడుకున్నారు. నా తలుపు తెరిచే ఉంది.

"మేస్త్రీ, పలకలు దక్షిణం వైపే పెట్టాలంటున్నారు. నీ గాజు పక్కన."

"ఇంకో పక్క పెట్టించు తల్లీ. అక్కడ పెడితే నా గాజు మీద నీడ పడుతుంది."

"అటు నీళ్ల ట్యాంకుల నీడ. వాళ్లు చూసే చెప్పారు."

"ఎండ లేకపోతే నావి చచ్చిపోతాయి."

"గాలి లేకపోతే మా అమ్మో?"

ఆయన ఆగి ఉంటే బాగుండేది. "మీ అమ్మకి ఆసుపత్రి ఉంది. వీటికి ఎవరున్నారు?" అన్నాడు.

ఇన్‌సాఫ్ వెనుదిరిగి మెట్లు దిగిపోయింది. ఆ మాట మాత్రం ఆమెకంటే ముందే అన్ని అంతస్తులూ దిగింది. సాయంత్రానికి కింద రొట్టెల కొట్లో కూడా, "పగడాలకు దిక్కు లేదట, పాపం!" అని ఒకరి తర్వాత ఒకరు ఎత్తిపొడిచారు. హియామ్ రెండు రోజులు భర్తతో మాట్లాడలేదు.

ఆయన దుకాణంలో ఉన్న పూట పలకలు బిగించారు. ఇంటికి వచ్చి చూస్తే తొట్టి మీద పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప వెలుగు లేదు. నడిమధ్యాహ్నం నీళ్లు బావిలో నీళ్లలా నల్లగా ఉన్నాయి. ఎవరినీ అనడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు. వారాలు గడిచాయి. కొమ్మల పగడాలు వేళ్లు ముడుచుకున్నట్టు ముడుచుకుని, మొదళ్ల దగ్గర తెల్లబడసాగాయి. గారో ఫోన్ చేస్తే, "బాగున్నాయి, బాగున్నాయి," అని పెట్టేసేవాడు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక, అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు, ఆయన పానా తీసుకుని డాబా ఎక్కాడు. గాజుకు అడ్డుగా ఉన్న రెండు పలకల తీగలు ఊడదీసి, వాటిని పక్కకు వాల్చాడు. మిగతావి అన్నీ ఉన్నాయి కదా, రెండు లేకపోతే కాస్త తగ్గుతుంది, అంతేగా అనుకున్నాడు. ఆ పలకలన్నీ ఒకే దండలా గుచ్చి ఉన్నాయనీ, ఒక్కచోట తెగినా మొత్తం ఆగిపోతుందనీ ఆయనకు తెలియదు. ఎండ తొట్టిలోకి దిగింది. ఆ మధ్యాహ్నం ఆయన కూనిరాగం తీశాడని తర్వాత హియామ్ ఏడుస్తూ చెప్పింది.

ఆ వారం డీజిల్ దొరక్క వీధి జనరేటరు మూగబోయి ఉంది. బ్యాటరీలో మిగిలిన కొద్దిపాటి కరెంటుతో మిషను సాయంత్రం దాకా నడిచింది. పొద్దుగూకే వేళ కీచుమని అరిచి ఆగిపోయింది. అత్యవసరానికని దాచిన సిలిండరు కాసేపటికే అడుగంటింది. లిఫ్టు ఎప్పుడో చచ్చిపోయింది. హాజ్జాను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించుతుంటే కేకలు విని అందరం పరుగెత్తాం. బుర్హాన్ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, కుర్చీ కాలొకటి పట్టుకున్నాడు. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

మొదటి అంతస్తు దగ్గర మా ఆయన, "సోలార్ ఉంది కదా, ఏమైంది?" అని అడిగాడు.

"పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నం నుంచీ బ్యాటరీ ఎక్కలేదు," అంది ఇన్‌సాఫ్.

బుర్హాన్ పట్టు జారి కుర్చీ ఒరిగింది. సర్దుకున్నాడు. వీధిలో హాజ్జాను కారులో ఎక్కించాక తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"నేనే పీకాను అమ్మా. రెండు పలకలు. నేనే పీకాను."

ఇన్‌సాఫ్ ఆయన వైపు ఒకసారి చూసి, డ్రైవరుతో, "తలుపెయ్యి, పోదాం," అంది.

హాజ్జా బతికింది. ఆసుపత్రి నుంచి రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా బుర్హాన్ పలకలు అమర్చిన మనిషినే పిలిపించి అన్నీ మళ్లీ కలిపించాడు. ఆ తర్వాత ఒక్కడే డాబా ఎక్కి, తన గాజు మీద మందపాటి రేకు పరిచి మేకులు కొట్టాడు. కింద గదిలో కూర్చున్న నాకూ హియామ్‌కూ ఆ దెబ్బలు వినిపిస్తున్నాయి.

"ఆ గాజు మూసెయ్యమని నేను ఒక్కసారి కూడా అనలేదు," అంది హియామ్. "అని ఉండాల్సింది."

హాజ్జాను మళ్లీ పైకి మోసినప్పుడు కూడా ఆయన వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. మెట్ల మలుపులో కుర్చీ గోడకు తగిలితే ఆమె కళ్లు తెరిచి, "మెల్లిగా నాయనా! నీ తొట్టినైతే ఇలాగే మోస్తావా?" అంది. మోసేవాళ్లలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బుర్హాన్ తల దించుకుని, "క్షమించు పిన్నీ," అన్నాడు. ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.

పగడాలను తూర్పు బాల్కనీలోకి మార్చాడు. అక్కడ పొద్దుటి ఎండ మాత్రమే వస్తుంది. కిటికీలు చేసే చేతులు కదా, బాల్కనీని గాజుతో మూసి, వెడల్పాటి లోతులేని తొట్టెలు అమర్చాడు. కొమ్మల పగడాలు ఒకదాని తర్వాత ఒకటి సున్నం ముద్దల్లా అయిపోయాయి. గారో బకెట్లలో తెచ్చినవి ఎక్కువగా అవే. తక్కువ వెలుగుతో సరిపెట్టుకునే మెత్తటివి కొన్ని, బండలాంటి ఒక గోధుమరంగుది మిగిలాయి. గారోకు ఫోన్ చేసి జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"ముసలామె ఎలా ఉంది?" అని అడిగాడట గారో. పగడాల గురించి అడగనేలేదట. ఆ సంగతి నాకు చెబుతూ బుర్హాన్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

హాజ్జా నజీబా ఆపై చలికాలంలో పోయింది. మిషను నడుస్తుండగానే, నిద్రలో. డాక్టరు గుండె అన్నాడు. అయినా మేడలో కొందరు ఆ సాయంత్రాన్ని తలుచుకోకుండా ఉండలేకపోయారు. బుర్హాన్ కూడా అంతే.

పరామర్శకు వెళ్లాడు. వెళ్లొద్దని హియామ్ బతిమాలింది. గోడ పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్‌సాఫ్ పరామర్శకు వచ్చినవాళ్లకిచ్చే చేదు కాఫీ పళ్లెం పట్టుకుని వరసగా ఒక్కొక్కరి చేతికి కప్పు అందిస్తూ వచ్చింది. ఆయన ముందు ఆగింది. ఆమె కప్పును ఆయన చేతికివ్వలేదు. పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోయింది.

బుర్హాన్ కాసేపు దాన్ని చూశాడు. తర్వాత రెండు చేతులతో తీసుకుని, అడుగు దాకా తాగాడు.