అమ్మవారికి కాపలా ఉద్యోగం

చచ్చిన నేలను బతికించడానికి వెళ్లి, నా డాక్టరేటును అక్కడే పాతిపెట్టి వచ్చిన మహానుభావుణ్ణి నేను. అంత్యక్రియలు కూడా ఘనంగా జరిగాయి, వినండి.

తొంభైలలో పూతలపట్టు దగ్గర వదిలేసిన గ్రానైట్ క్వారీ ఒకటి ఉండేది. రాతిపొడి పేరుకుపోయిన ఆ నీటిగుంటలో కప్ప కూడా కాపురం పెట్టేది కాదు. అందులో జమ్ముగడ్డి నాటి, దాని వేళ్లకు సూక్ష్మజీవుల్ని పట్టించి, నేలకు ప్రాణం పోయడం నా పరిశోధన. తిరుపతి నుంచి ప్రొఫెసర్ వచ్చి చూసేదాకా జమ్ము నిలబడితే నేను డాక్టర్ని. లేకుంటే ఉత్త వెంగళప్పని.

జమ్ము ఏపుగా లేచింది. ఊళ్లో ఎనుములన్నింటికీ విందు కబురు అందింది.

"మునెమ్మక్కా, నీ ఎనుము నా డాక్టరేటు మేస్తా ఉండాది!"

"దానికి సదువు లేదు సారూ. పచ్చగుంటే గడ్డే అనుకుంటాది."

"కట్టేసుకోగూడదా?"

"నీ గడ్డిని నువ్వు కట్టేసుకో పో."

ఆలోచనలు నా బుర్రలోకి మా సీమకు వానలొచ్చినట్టు వస్తాయి: ఎప్పుడో ఒకసారి, వస్తే కొంప ముంచేలా. తెల్లారేసరికి గట్టుమీద ఒక రాయి నిలిపి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, పక్కన వేపకొమ్మ గుచ్చాను. అడిగినవాళ్లతో "నాకేం తెలుసు?" అన్నాను. సైన్సు చదివినవాడు అబద్ధమాడతాడా!

ఎనుములు మాయం. నేను నిశ్చింతగా తిరుపతి వెళ్లి గుర్రుపెట్టాను.

ప్రొఫెసర్‌తో కలిసి జీపు దిగేసరికి గట్టుమీద జనం, పొంగళ్లు, అమ్మకు పచ్చటి పందిరి. గుంట మాత్రం బోడిగుండు.

"అక్కా, జమ్ము యాడ?"

"అమ్మ ఎండలో మాడతా ఉంటే సూస్తా కూసుంటామా? కోసి పందిరేసినాం," అంది మునెమ్మ.

ప్రొఫెసర్ సీసా ముంచాడు. నీళ్లు బంగారంలా మెరిశాయి. "ఇదేమిటమ్మా?"

"బిందెలు బిందెలు పసుపునీళ్లు పోసినాం సామీ. లోపల పురుగూ పుట్రా ఏమున్నా సచ్చి ఊరుకుంటాది."

ఆ పురుగూ పుట్రా నేను కన్నబిడ్డల్లా పెంచిన సూక్ష్మజీవులు.

"ఈ రాయి ఎవరు పెట్టారు?"

"ఒకరు పెట్టేదేంది? అమ్మే ఎలిసింది!" అని జనం ఒక్క గొంతుతో గర్జించారు.

ప్రొఫెసర్ నా చెవి దగ్గరకు వంగాడు. "నువ్వే కదూ?"

"అవును సార్. ఇప్పుడు చెప్పేస్తాను..."

"చెప్పులు విడిచి దణ్ణం పెట్టు. ఇద్దరం ప్రాణాలతో తిరుపతి చేరాలి."

పెట్టాం. పొంగలి అమోఘం. పట్టా మాత్రం రాలేదు.

పాఠకులారా, ఇదే నా శపథం: ఇకమీదట ఏది నాటినా చుట్టూ ముళ్లకంప వేస్తాను. దేవతలను మాత్రం వాచ్‌మన్ పనికి పిలవను. వాళ్లు డ్యూటీ మరీ గట్టిగా చేస్తారు.