ఆడపిల్లలు అడ్డమట!

ఈ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు, నరసరావుపేటలో నా కొట్టు ఎదురుగా రోడ్డు మీద పరుగెత్తుతూ మా వీధి అమ్మాయి స్రవంతి కళ్లు తిరిగి పడిపోయింది. కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోంది. నీడకు తీసుకొచ్చి తల మీద నీళ్లు పోశాను. ఒళ్లు పెనంలా కాలుతోంది.

ఉప్పేసిన మజ్జిగ తాగి కాస్త తేరుకున్నాక కోప్పడ్డాను.

"ఏందమ్మా, ఈ ఎండలో పరుగేంది? పెందలాడే గ్రౌండుకు పోవచ్చుగా?"

"పోయా బాబాయ్. మీ వాకింగోళ్లు తొమ్మిదిదాకా రావద్దన్నారు. ఆడపిల్లలం అడ్డమొస్తన్నామంట. తొమ్మిదికి పోతే గేటుకు తాళం ఏస్తన్నారు. ఇంక యాడ ఉరకమంటావ్?"

వాళ్ల నాన్నను పిలిపించి, ఆటోలో ఆసుపత్రికి పంపాను. ఇప్పుడు బాగానే ఉంది.

కొట్టు మూసేసి మా వాకింగ్ సంఘం పెద్దాయన ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన ఏసీ గదిలోంచే నవ్వి, "పోలీసు కావాలంటే ఆమాత్రం ఎండ తట్టుకోవాల్లేరా" అన్నాడు. అరిచేసి వచ్చాను.

కానీ అసలు కోపం నా మీదే. ఆ పిల్లల్ని గేటు దగ్గర ఆపిన రోజు నేనూ అక్కడే బెంచీ మీద కూర్చుని రాగిజావ తాగుతున్నాను. విన్నాను. "మనకెందుకులే" అనుకున్నాను.

రేపు పొద్దున అయిదింటికి స్రవంతి స్నేహితురాళ్లతో కలిసి నేనే గేటు దగ్గరుంటాను. పేటలో ఆడపిల్లల తండ్రులు చానామంది ఉన్నారు. ఎవరెవరు వస్తారో కింద రాయండి.