వేడినీళ్ల కంపెనీ లాయరమ్మ

నీళ్ల హీటర్ల కంపెనీలో ఆవిడ పేరుతో ఎవరికీ పనిలేదు. ఎండీగారి దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ లాయరమ్మే. కోర్టులో చాలాకాలం ప్రాక్టీసు చేసి, వాయిదాల కోసం బెంచీల మీద కూర్చుని కూర్చుని విసిగిపోయి ఈ ఉద్యోగంలో చేరింది. కాఫీ మెషిను పక్కన అద్దాల గది ఇచ్చారు. డీలర్ల ఒప్పందాలు, ఉద్యోగుల తగువులు, ప్రకటనల్లో మాటలు, ఏదైనా ఆవిడ చూడందే బయటికి పోయేది కాదు. ఆవిడ ఎర్ర పెన్నుతో గీత పెడితే సేల్స్ వాళ్లు లోపల తిట్టుకునేవారేగానీ పైకి కిమ్మనేవారు కాదు. తన పనంటే ఆవిడకి గర్వంగానే ఉండేది.

టెస్టింగ్ విభాగం ఇంజినీరు ఒకరోజు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, కొత్త సప్లయరు ఇస్తున్న థర్మోస్టాట్ బిగుసుకుపోతోంది. అది పనిచేయకపోతే నీళ్లు సలసలా మరుగుతూనే ఉంటాయి. కుళాయి తిప్పినవాళ్లకి ఆ సంగతి తెలీదు. ఇప్పటికే ఫిర్యాదులొస్తున్నాయి."

"ఎండీగారికి చెప్పారా?"

"చెప్తే మీ దగ్గరికి వెళ్లమన్నారు."

పైవాళ్లు తప్పించుకోవడానికి తనని వాడుకుంటారని ఆవిడకి అప్పటికింకా తట్టలేదు. పరీక్షల ఫలితాలన్నీ వివరంగా రాసివ్వమంది. అమ్మకాలు ఆపి, అమ్మినవి వెనక్కి తెప్పించాలని తనూ గట్టిగా రాసి పైకి పంపింది.

రెండ్రోజుల్లో మీటింగు పెట్టారు. ఎండీగారు నవ్వు ముఖంతో అన్నాడు: "ఇకమీద ఈ విషయం మీద ఎవరేం రాసినా లాయరమ్మకే రాయాలి. లాయరుకి రాస్తే అది సలహా అడిగినట్టు. రేపు ఏ కోర్టూ దాన్ని బయటికి లాగలేదు. ఏమంటారు లాయరమ్మా?"

"సలహా అడిగితే రహస్యమే అవుతుంది సార్. ఉన్న నిజాన్ని నాకు పంపినంత మాత్రాన అది రహస్యమైపోదు. పైగా ఈలోపల ఎవరైనా చనిపోతే ఏ తెలివీ మనల్ని కాపాడదు."

"మీరు రిస్కు చెప్పండి, చాలు. నిర్ణయం సంగతి మేం చూసుకుంటాం."

సేల్స్ హెడ్ కాఫీలో బిస్కెట్టు ముంచుకుంటూ, "చలికాలం దాటనివ్వండి మేడం, తర్వాత మీ ఇష్టం. కాస్త చురుక్కుమంటే చెయ్యి వాళ్లే వెనక్కి తీసుకుంటారు," అన్నాడు. తడి బిస్కెట్టు ముక్క అతని మీసానికి అంటుకుని మాట్లాడినప్పుడల్లా కదులుతోంది. లాయరమ్మ లేచి వెళ్లిపోదామనుకుంది. కానీ కూర్చునే ఉంది. ఆ తర్వాత ఆ కూర్చోవడాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి తన ఒళ్లే తనకి చీదరగా అనిపించేది.

అంతకన్నా చీదర పుట్టించే పని మరునాడు చేసింది. ఇంట్లో ఉన్నదీ కంపెనీ హీటరే, ఆ కొత్త థర్మోస్టాట్ ఉన్నదే. ప్లంబరుని పిలిపించి దాన్ని ఊడదీయించి, వేరే కంపెనీది పెట్టించింది.

"బాగానే పనిచేస్తోందిగా, ఇప్పుడెందుకు?" అన్నాడు భర్త.

"పాతబడిందండీ."

అత్తగారు బాత్రూం గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ప్లంబరు వెళ్లాక నెమ్మదిగా అడిగింది.

"పాతబడ్డం కాదులే అమ్మాయ్. అందులో ఏదో లోపముంది, అవునా?"

"ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదు అత్తయ్యా."

"నాకు చెప్పొద్దులే. మనింట్లోది తీసేశావు కాబట్టి నేను నిశ్చింతగా స్నానం చేస్తాను. మిగతావాళ్ల సంగతేంటి?"

కోడలు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అత్తగారు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి.

చలికాలం దాటకముందే ఆ హీటరు నీళ్లు పడి ఒక దర్జీ ఆవిడ చెయ్యి మోచేతి నుంచి వేళ్లదాకా కాలిపోయింది. ఆమె నోటీసు ఇవ్వకముందే మాట్లాడి రాజీ చేసుకు రమ్మని లాయరమ్మనే పంపించారు. పరిహారం తీసుకున్నాక ఈ విషయం ఎవరి దగ్గరా ఎత్తకూడదన్న షరతు రాసింది కూడా ఆవిడే. రాసేటప్పుడు ఎక్కడా సందు లేకుండా రాసింది, పని మీద అలవాటైన శ్రద్ధతో.

ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే ఒకటే గది. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. గదంతా కాలిన గాయాల మందు వాసన. దర్జీ భర్త కుర్చీ తుడిచి వేశాడు.

"మీరొచ్చారు, అదే సంతోషం. పెద్ద కంపెనీ, పట్టించుకోరనుకున్నాం," అన్నాడు. ఆ కృతజ్ఞత చూసి లాయరమ్మకి తల ఎత్తబుద్ధి కాలేదు.

దర్జీ ఆవిడ రాజీ కాగితాల మీద సంతకానికి ఎడమచేత్తో పెన్ను పట్టుకుని ఆగింది. "ఒక్కమాటండీ. ఇలా ఇంకెవరికైనా అయిందా? మా హీటరే పాడైందా?"

'నాకు తెలిసి లేదు' అని చెప్పమన్నాడు ఎండీగారు. మూడే మాటలు. గొంతుదాకా వచ్చాయి. పాచిపోయిన కూర నోట్లో పెట్టుకున్నట్టయింది లాయరమ్మకి.

"నేను కంపెనీ తరఫు లాయర్నమ్మా, మీ తరఫు కాదు. మీ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేను. ఒక్క సలహా మాత్రం ఇవ్వచ్చు. మీకంటూ ఒక లాయర్ని పెట్టుకుని, ఆయనకి చూపించందే దేనిమీదా సంతకం చెయ్యకండి."

దర్జీ ఆవిడ పెన్ను కింద పెట్టేసి, కాగితాలు వెనక్కి జరిపింది. "అర్థమైందండీ," అంది.

ఆఫీసులో ఎండీగారు కేకలేశాడు. "ఎవరి జీతం తింటున్నారు మీరు?"

"మీ జీతమే సార్. లాయరు లేని మనిషికి లాయర్ని పెట్టుకోమని చెప్పడం తప్పని ఏ చట్టంలోనూ లేదు. అబద్ధం చెప్పమనే హక్కు మాత్రం మీకు లేదు."

దర్జీ ఆవిడ దావా వేసింది. ఆ వార్త చూసి మరికొందరు బాధితులు ముందుకొచ్చారు. ఇన్సూరెన్సువాళ్లు బెదిరి, హీటర్లు వెనక్కి తెప్పిస్తేనే మీతో ఉంటామన్నారు. అప్పుడుగానీ కదల్లేదు కంపెనీ. కదిలాక మాత్రం, మీ క్షేమమే మాకు ముఖ్యమంటూ పేపర్లనిండా ఎండీగారి ఫొటోనే. లోపం సకాలంలో చెప్పలేదని టెస్టింగ్ ఇంజినీరు మీద నింద వేసి ఉద్యోగంలోంచి తీసేశారు.

పరిశ్రమవాళ్ల సంఘం ఆ ఏడు భద్రత బహుమతి ఎవరికిచ్చిందనుకున్నారు? ఈ కంపెనీకే. ఎండీగారు లాయరమ్మని కూడా వేదిక మీదికి పిలిచి, పూలగుత్తి చేతిలో పెట్టి, చెవిదగ్గర, "చూశారా, చివరికి అంతా మంచికే అయింది," అన్నాడు. అతని నోట్లోంచి యాలకుల వాసన. కింద చప్పట్లు. ఆవిడ వేదిక దిగి తిన్నగా బాత్రూంకి వెళ్లి వాంతి చేసుకుంది. మర్నాడు రాజీనామా ఇచ్చింది.

ఇప్పుడు ఒక ఫొటోస్టాట్ షాపు మీద అద్దె గదిలో మళ్లీ ప్రాక్టీసు చేస్తోంది. మొన్న ఆ ఇంజినీరు వచ్చాడు. తనని తీసేసిన కంపెనీ మీద కేసు వేస్తాడట.

"నేను తీసుకోకూడదు బాబూ. వాళ్లు నా పాత క్లయింటు. అక్కడ విన్నది బతికున్నంతకాలం నా నోట రాకూడదు. ఇంకో మంచి లాయరు దగ్గరికి పంపుతాను."

"నేను మీకు చెప్పానని కూడా మీరు చెప్పలేరా మేడం?"

"నా అంతట నేను చెప్పలేను."

అతను కోప్పడలేదు. వెళ్లొస్తానని లేచాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా ఆవిడ అలాగే నిలబడి, తర్వాత వెళ్లి ముఖం కడుక్కుంది. తుడుచుకుని, మళ్లీ కడుక్కుంది.